మూన తిరిగేదాకా: పంటి క్లిప్పులకు ఊతమిచ్చే చిన్న స్క్రూ చుట్టూ ఎముక మానే తీరు

ఎత్తుపళ్ళను వెనక్కి తేవడానికి పై దవడలో రెండు చిన్న దవడపళ్ళు తీయించుకుని, క్లిప్పులు వేయించుకున్న ఇరవై ఏళ్ళ అమ్మాయిని ఊహించుకోండి. వెనక పళ్ళ వేర్ల మధ్య, చిగురు మీదుగా, బియ్యపు గింజకంటే కాస్త పొడవైన స్క్రూ ఒకటి ఎముకలోకి బిగించారు. బిగించిన రోజు అది గోడలో దిగిన మేకులా ఉంది. డాక్టరు పట్టకారుతో పట్టుకుని అటూ ఇటూ ఆడించి చూస్తే రవ్వంత కూడా కదల్లేదు. మూడు వారాల తర్వాత ఆమె మళ్ళీ వచ్చి, ‘‘వేలితో తాకితే కొంచెం ఆడుతున్నట్టుంది డాక్టర్ గారూ, సరిగ్గా బిగించలేదా?’’ అని అడుగుతుంది. క్లిప్పులు వేసే వైద్యులైన ఆర్థోడాంటిస్టులకు ఈ ప్రశ్న కొత్త కాదు. సరిగ్గా బిగించకపోవడం వల్ల కూడా స్క్రూ ఆడవచ్చు, నిజమే. కానీ సరిగ్గా బిగించిన స్క్రూకు సైతం మూడో వారం గడ్డుకాలమే. ఎందుకంటే మొదటి రోజున దాన్ని పట్టుకుని ఉన్న ఎముక వేరు, రెండు నెలల తర్వాత పట్టుకోబోయే ఎముక వేరు. పాత ఎముక పట్టు సడలి, కొత్త ఎముక పట్టు ఇంకా చిక్కబడని రోజుల్లో ఏం జరుగుతుందన్నదే ఈ వ్యాసం ప్రధాన విషయం.

అసలు స్క్రూ ఎందుకో ముందు చూద్దాం. గట్టు మీద పాతిన గుంజకు తాడు కట్టి లాగితే పడవ గట్టుకు వస్తుంది. అదే తాడును ఇంకో పడవకు కట్టి లాగితే రెండు పడవలూ ఎదురెదురుగా కదులుతాయి. క్లిప్పుల వైద్యంలో శతాబ్దానికి పైగా ఉన్న చిక్కు ఇదే. ముందరి ఆరు పళ్ళను వెనక్కి లాగడానికి వెనకనున్న దవడపళ్ళను ఆధారం చేసుకుంటే, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం దవడపళ్ళు కూడా ముందుకు జరుగుతాయి. చిన్న దవడపన్ను తీసినప్పుడు దొరికే ఖాళీ సుమారు 7 మిల్లీమీటర్లు. అందులో రెండు మూడు మిల్లీమీటర్లు వెనక పళ్ళే తినేస్తే ముందు పళ్ళకు మిగిలేది తక్కువ. దీన్ని ఆపడానికి తలకూ మెడకూ పట్టీలు కట్టే హెడ్‌గేర్ వాడేవారు. అది రోజుకు పన్నెండు గంటలకు పైగా పెట్టుకుంటేనే పనిచేస్తుంది. బడికెళ్ళే పిల్లలు దాన్ని ఎంత శ్రద్ధగా పెట్టుకునేవారో తల్లిదండ్రులను అడిగితే చెబుతారు. నోటిలోనే, ఎముకలోనే ఒక గుంజ పాతగలిగితే ఈ బాధలేవీ ఉండవన్నది పాత ఆలోచనే.

ఆ ఆలోచన మొదటిసారి పరీక్షకు నిలబడింది 1945లో. గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ అనే ఇద్దరు పరిశోధకులు కుక్కల కింది దవడలో వైటాలియం అనే మిశ్రలోహపు స్క్రూలు బిగించి, వాటికి సాగే రబ్బర్లు తగిలించి పళ్ళను లాగారు. పళ్ళు కొంత కదిలాయి, కానీ స్క్రూలు 16 నుంచి 31 రోజుల లోపు వదులైపోయాయి. ఆ రోజుల లెక్కను గుర్తుంచుకోండి, మన అమ్మాయి మూడో వారం కూడా అందులోనే పడుతుంది. 1950లలో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేళ్ళ కాలి ఎముకల్లో రక్తప్రసరణ చూడటానికి టైటానియం గొట్టాలు అమర్చి, పని పూర్తయ్యాక తీయబోతే అవి ఊడి రాలేదు. ఎముక లోహాన్ని తనలో కలుపుకుంది. దాని ఆధారంగా 1965లో తొలి రోగికి టైటానియం పంటి ఇంప్లాంట్లు, అంటే లేని పళ్ళ స్థానంలో ఎముకలో పాతే కృత్రిమ వేర్లు, పెట్టారు. ఆర్థోడాంటిక్స్‌లో తొలి ప్రసిద్ధ ఉదాహరణ 1983 నాటిది. క్రీక్‌మోర్, ఎక్‌లుండ్ ముక్కు అడుగున ఉండే ఎముక మొన కింద ఒక వైటాలియం స్క్రూ పెట్టి, పది రోజులు ఆగి, దాని ఆధారంగా పై ముందు పళ్ళను ఏడాదిలో సుమారు 6 మిల్లీమీటర్లు పైకి లేపారు. 1997లో జపాన్‌కు చెందిన కనోమి 1.2 మిల్లీమీటర్ల వ్యాసం, 6 మిల్లీమీటర్ల పొడవు ఉన్న స్క్రూను పరిచయం చేశాక, వేర్ల మధ్య సందులోనే గుంజ పాతడం సాధ్యమైంది. ఇప్పుడు వాడేవి ఎక్కువగా 1.2 నుంచి 2 మిల్లీమీటర్ల వ్యాసం, 6 నుంచి 12 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి.

దవడ ఎముక అంతా ఒకే రకం కాదు. బయట దట్టమైన పెంకు ఉంటుంది, దీన్ని కార్టికల్ ఎముక అంటారు. వేర్ల మధ్య ఈ పెంకు మందం చాలాచోట్ల ఒకటి రెండు మిల్లీమీటర్లే. లోపల తేనెపట్టులాంటి గుల్ల ఎముక, దాని అరల నిండా మజ్జ. స్క్రూ తిప్పే చేతికి ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. మొదట చిగురును దాటగానే మొన ఎముకను తాకి ఆగుతుంది. నెమ్మదిగా నొక్కుతూ తిప్పితే పెంకు కోసుకుంటూ బిగువు పెరుగుతుంది, ఆ తర్వాత గుల్ల భాగంలోకి దిగాక మొన సాఫీగా పోతుంది, కానీ మెడ దగ్గర పెంకు మాత్రం మరల్ని గట్టిగా పట్టుకునే ఉంటుంది. మొదటి రోజు పట్టులో సింహభాగం ఈ పెంకుదే. స్క్రూ పొడవు పెంచినంత మాత్రాన పట్టు పెద్దగా పెరగకపోవడానికి కారణం కూడా ఇదే, ఎందుకంటే అదనపు పొడవంతా గుల్ల భాగంలోనే దిగుతుంది. వ్యాసం సంగతి వేరు. జపాన్‌లో మియావాకి బృందం 2003లో ప్రచురించిన పరిశీలనలో 1 మిల్లీమీటరు వ్యాసమున్న స్క్రూలన్నీ ఊడిపోగా, 1.5 మిల్లీమీటర్లవి నూటికి సుమారు 84 నిలిచాయి. పొడవుకూ విజయానికీ మధ్య వాళ్ళకు సంబంధం కనిపించలేదు.

మొదటి రోజు పట్టును ప్రాథమిక స్థిరత్వం అంటారు. ఇది కేవలం యాంత్రికమైనది, చెక్కలో స్క్రూ ఎలా నిలుస్తుందో అలాగే. స్క్రూ తనకంటే ఇరుకైన దారిలో దూరుతుంది కనుక చుట్టూ ఉన్న ఎముక నొక్కుకుపోయి, తిరిగి విచ్చుకోవాలని చూస్తూ స్క్రూను బిగపట్టుకుంటుంది. చెక్కకూ ఎముకకూ తేడా ఇక్కడే మొదలవుతుంది. చెక్క చచ్చినది, బిగించినట్టే ఉంటుంది. ఎముక బతికున్నది, తనను ఎవరు నొక్కినా ఊరుకోదు.

వరి నాటిన రైతుకు ఈ విషయం చెప్పనక్కర్లేదు. నారు పీకి బురదలో గుచ్చిన రోజున మొక్క నిటారుగానే నిలబడుతుంది, కానీ దాన్ని నిలబెట్టింది బురదే తప్ప వేరు కాదు. తర్వాత వారం పది రోజులు మొక్క వాలిపోయి, ఆకు పాలిపోయి, చచ్చిందేమో అనిపిస్తుంది. పాత వేళ్ళు చితికి, కొత్త వేళ్ళు పుట్టి, మట్టిని పట్టుకున్నాక మూన తిరుగుతుంది. స్క్రూ చుట్టూ ఎముకకు కూడా మూన తిరగడం అనే దశ ఒకటి ఉంది. తేడా ఏమిటంటే వరిలో కొత్త వేరు వేసేది నాటిన మొక్క, ఇక్కడ మాత్రం కొత్త పట్టు అల్లేది చుట్టూ ఉన్న నేలే. లోహం ఏమీ చేయదు, ఎముకే అన్నీ చేస్తుంది.

ఇప్పుడు దగ్గరికి వెళ్ళి చూద్దాం. స్క్రూ దిగిన క్షణంలోనే చిన్న రక్తనాళాలు తెగి, మరలకూ ఎముకకూ మధ్య ఉన్న సందుల్లోకి రక్తం వస్తుంది. టైటానియం గాలి తగిలితే చాలు, కొన్ని నానోమీటర్ల మందమైన ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. రక్తంలోని ప్రొటీన్లు వెళ్ళి అతుక్కునేది ఈ పొర మీదే, అంటే కణాలు ఎప్పుడూ నేరుగా లోహాన్ని తాకవు. నిమిషాల్లో రక్తం గడ్డకట్టి, ఫైబ్రిన్ పోగులతో ఒక వల ఏర్పడుతుంది. ఆ వలలో చిక్కిన ప్లేట్‌లెట్లు పగిలి, మరమ్మతు కణాలను పిలిచే రసాయన సంకేతాలను విడుదల చేస్తాయి. మొదట వచ్చేది న్యూట్రోఫిల్ తెల్లకణాలు, క్రిములను చంపడం వాటి పని. తర్వాత మాక్రోఫేజ్‌లు వచ్చి చెత్త ఎత్తి, కొత్త రక్తనాళాలను రమ్మని కబురు పెడతాయి. రెండు మూడు రోజుల పాటు ఉండే సలుపు, కొద్దిపాటి వాపు ఈ పని జరుగుతోందనడానికి గుర్తే. వాపు అనగానే చెడ్డదని అనుకుంటాం. ఈ తొలి వాపు లేకుండా ఎముక మానదు.

మొదటి వారం చివరి నుంచి రెండు పనులు ఒకేసారి సాగుతాయి, వాటి మధ్య పోటీయే అసలు కథ. ఒకవైపు స్క్రూ మరలు నొక్కేసిన ఎముకలో కంటికి కనిపించని సన్న బీటలు పడి ఉంటాయి. ఆ ప్రాంతంలోని ఎముక కణాలు రక్తం అందక కొన్ని చనిపోతాయి. చచ్చిన ఎముకను శరీరం అలాగే ఉంచుకోదు, ఆస్టియోక్లాస్టులనే కణాలు వచ్చి ఆమ్లం, ఎంజైములు వదిలి దాన్ని కరిగించేస్తాయి. గమనించండి, అవి కరిగించేది సరిగ్గా స్క్రూను బిగపట్టుకున్న ఎముకనే. మొదటి రోజున మనకు ధైర్యమిచ్చిన ఆ బిగువును శరీరమే పాడైన సరుకుగా లెక్కగట్టి తీసేస్తోంది. మరోవైపు ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముక కట్టడం మొదలుపెడతాయి. కొన్ని పాత ఎముక గోడ మీద నుంచి స్క్రూ వైపు కట్టుకుంటూ వస్తాయి, కొన్ని ఫైబ్రిన్ వల మీదుగా పాకి స్క్రూ ఉపరితలం మీదే మొదలుపెట్టి గోడ వైపు కడతాయి.

ఈ తొలి ఎముకను అల్లిక ఎముక అనవచ్చు. ఇందులో కొల్లాజెన్ పోగులు గడ్డివాములో పరకల్లా అడ్డదిడ్డంగా ఉంటాయి. రోజుకు పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చొప్పున చకచకా పెరుగుతుంది, కానీ బలం తక్కువ. తర్వాత వచ్చే పొరల ఎముకలో పోగులు వరుసగా, పొర మీద పొరగా పేర్చి ఉంటాయి. అది ఎంతో బలమైనది, కానీ రోజుకు సుమారు ఒక మైక్రాన్ మాత్రమే చేరుతుంది. తుఫాను తర్వాత ముందు తాటాకు పందిరి వేసి, దాని నీడలో నిదానంగా ఇటుక గోడ కట్టుకున్నట్టు శరీరం తొందర పనిని ఒకదానితో, శాశ్వతమైన పనిని ఇంకొకదానితో చేయిస్తుంది. వేసిన ఎముకలో ఖనిజం కూడా ఒక్కసారిగా నిండదు. ఎక్కువ భాగం తొలి రోజుల్లోనే చేరినా, మిగతాది చేరి పూర్తిగా గట్టిపడటానికి నెలలు పడుతుంది.

కరిగించడం, తిరిగి కట్టడం కలిసిన ఒక పూర్తి ఆవృత్తికి మనిషిలో సుమారు నాలుగు నెలలు పడితే, కుందేలులో ఆరు వారాలే పడుతుంది, కుక్క ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. ఇది చిన్న విషయంలా కనిపించినా పత్రికల్లో, ప్రకటనల్లో తరచూ పొరపాటుకు కారణమవుతుంది. కుందేలులో ఆరు వారాలకు స్క్రూ గట్టిపడిందని చూపిన ఫలితాన్ని యథాతథంగా మనిషికి ఆపాదిస్తే లెక్క దాదాపు మూడింతలు తప్పుతుంది.

మన అమ్మాయి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. పాత ఎముక పట్టును ఒక గీతగా గీస్తే అది మొదటి రోజు శిఖరం మీద ఉండి, వారాలు గడిచేకొద్దీ కిందికి జారుతుంది. కొత్త ఎముక పట్టు సున్నా దగ్గర మొదలై మెల్లగా పైకి లేస్తుంది. రెండు గీతలూ కలుసుకునే చోట మొత్తం పట్టు కనిష్ఠంగా ఉంటుంది. పంటి ఇంప్లాంట్లలో గానీ, ఈ చిన్న స్క్రూల్లో గానీ ఆ లోయ సాధారణంగా రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య వస్తుంది. 1945లో కుక్కల దవడల్లోని స్క్రూలు వదులైన రోజులు ఆ లోయతో సరిపోలడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. స్వల్పంగా ఆడుతూ, నొప్పీ చీమూ లేని స్క్రూను, దాని మీద పడే లాగుడు తగ్గించి లేదా కొంతకాలం తీసేసి, కదపకుండా ఉంచితే కొన్నిసార్లు తిరిగి కుదురుకుంటుంది. వేలితో తాకగానే ఊగిపోయే స్క్రూ మాత్రం ఇక కుదరదు. దాన్ని తీసి వేరే చోట పెట్టడమే మేలు.

కుదురుకోవడానికీ కుదురుకోకపోవడానికీ మధ్య సరిహద్దు ఎక్కడుంది? ఇక్కడే చాలామందికి, కొందరు దంతవైద్యులకు కూడా, ఒక అపోహ ఉంది. బరువు మోపితే ఎముక మానదని అనుకుంటారు. బరువు శత్రువు కాదు, ఊగిసలాట శత్రువు. మానుతున్న సందులో స్క్రూ ఎముకతో పోలిస్తే 50 నుంచి 150 మైక్రాన్ల కంటే ఎక్కువగా అటూ ఇటూ కదులుతుంటే, అంటే ఇంచుమించు ఒకటి రెండు తలవెంట్రుకల మందం మేర ఆడుతుంటే, అప్పుడే మొలుస్తున్న రక్తనాళాలు తెగుతూ ఉంటాయి. రక్తం అందని చోట మరమ్మతు కణాలు ఎముక కట్టే దారి వదిలి పీచు కణజాలం అల్లుతాయి. స్క్రూ చుట్టూ మెత్తని తొడుగు ఏర్పడి, ఆ తొడుగు వల్ల స్క్రూ ఇంకా ఆడి, ఆ ఆట వల్ల తొడుగు ఇంకా మందమవుతుంది. ఈ విషవలయంలో ఒకసారి పడిన స్క్రూ బయటపడటం అరుదు.

క్లిప్పుల్లో వాడే నికెల్ టైటానియం స్ప్రింగ్ సుమారు 150 నుంచి 200 గ్రాముల బలంతో, ఒకే దిక్కుకు, ఆగకుండా లాగుతుంది. ప్రాథమిక స్థిరత్వం బాగున్న స్క్రూను ఈ బలం ఒక పక్కకు ఒత్తి ఉంచుతుందే తప్ప ఊపదు. అందుకే చాలామంది వైద్యులు బిగించిన రోజో, ఒకటి రెండు వారాల్లోపో స్ప్రింగ్ తగిలిస్తున్నారు, ఫలితాలు కూడా ఆగి తగిలించిన వాటికి పెద్దగా తీసిపోవడం లేదు. దీనికి భిన్నంగా, నాలుకతో పదేపదే నెట్టడం, వేలితో తడిమి చూసుకోవడం, చెరకు ముక్కో జంతికో నేరుగా స్క్రూ మీదే నమలడం, ఇవి తక్కువ సేపే ఉన్నా దిక్కు మారుతూ ఊపుతాయి. స్క్రూ కదులుతోందేమోనని రోజుకు పదిసార్లు వేలితో ఆడించి చూసుకునే రోగి తాను భయపడుతున్న దాన్ని తానే తెచ్చుకుంటాడు.

ఎదిగే వయసు పిల్లల విషయంలో నేను కొంత జాగ్రత్త పక్షాన ఉంటాను. వాళ్ళ ఎముక చురుగ్గా మారుతూ ఉంటుంది, పెంకు పల్చన, ఖనిజం తక్కువ. వెంటనే లాగడం మొదలుపెడితే పెద్దవాళ్ళకంటే వాళ్ళలోనే ఎక్కువ స్క్రూలు ఊడుతున్నట్టు కనిపించింది కనుక, పదమూడు పద్నాలుగేళ్ళ వాళ్ళకు రెండు మూడు నెలలు ఆగి లాగడం తప్పేమీ కాదు.

స్క్రూ ఎముకతో ఎంత మేర అతుక్కోవాలి? పంటి ఇంప్లాంటయితే సగానికి పైగా ఉపరితలం ఎముకను తాకి ఉండాలని ఆశిస్తాం. కుక్కల మీద దెగుచి బృందం 2003లో ప్రచురించిన పనిలో, ఉపరితలంలో 5 శాతం మాత్రమే ఎముకను తాకిన స్క్రూలు కూడా ఆర్థోడాంటిక్ బలాన్ని మూడు నెలల పాటు తట్టుకున్నాయి. క్లిప్పుల బలం నమిలే బలం ముందు ఏపాటిది గనుక! పైగా ఈ స్క్రూ ఎక్కువగా అతుక్కుంటే మనకే ఇబ్బంది. పంటి ఇంప్లాంటు సొంతింట్లో ఉన్నట్టయితే, ఈ స్క్రూ అద్దెకున్నట్టు. ఏడాదో ఏడాదిన్నరో ఉండి ఖాళీ చేయాలి. అందుకే పంటి ఇంప్లాంటు ఉపరితలాన్ని ఇసుకతో, ఆమ్లంతో గరుకు చేస్తే, దీన్ని మాత్రం కావాలనే నునుపుగా ఉంచుతారు. ఒకటిన్నర మిల్లీమీటర్ల సన్నని కడ్డీ ఎముకలో మరీ కలిసిపోతే, తీసేటప్పుడు మెలికకు మధ్యలో విరిగిపోతుంది. ఇప్పుడు మన దేశంలో విరివిగా వాడుతున్న మరో రకం, దవడపళ్ళకు పైన బుగ్గ ఎముక అడుగున పెట్టే 2 మిల్లీమీటర్ల స్క్రూ, చాలాసార్లు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిందే. స్టీలు టైటానియంలా ఎముకతో కలవదు. అయినా నిలుస్తుంది, ఎందుకంటే అది దాదాపుగా యాంత్రికమైన పట్టు మీద బతుకుతుంది. ‘ఎముకలో కలిసిపోతుంది’ అనే మాటను అన్ని స్క్రూలకూ ఒకేలా వాడటం నాకు నచ్చదు. అది రోగికి లేనిపోని భయం పెడుతుంది, విద్యార్థికి తప్పుడు చిత్రం ఇస్తుంది.

ఇక విచిత్రమైన విషయానికి వద్దాం. కింది దవడ ఎముక పై దవడకంటే దట్టమైనది, పెంకు కూడా మందం. గట్టి నేలలో గుంజ గట్టిగా నిలవాలి కదా? అయినా స్క్రూలు ఎక్కువగా ఊడేది కింది దవడలోనే. మొదటి రోజు పట్టు మాత్రమే లెక్కయితే ఇది అర్థం కాదు, మానే క్రమం తెలిస్తే అర్థమవుతుంది. మందమైన పెంకులో స్క్రూ దింపడానికి ఎక్కువ బలంతో తిప్పాలి, ఎక్కువ బలమంటే ఎక్కువ నొక్కుడు, ఎక్కువ బీటలు, ఎక్కువ చచ్చిన ఎముక. అంటే తర్వాత కరిగిపోవలసిన భాగం కూడా ఎక్కువే. జపాన్‌కు చెందిన మోతోయోషి బృందం 2006లో 1.6 మిల్లీమీటర్ల స్క్రూలను బిగించే మెలితిప్పు బలాన్ని కొలిచి, అది 5 నుంచి 10 న్యూటన్ సెంటీమీటర్ల మధ్య ఉంటే మంచిదని సూచించింది. అంతకంటే తక్కువైతే మొదటి రోజే పట్టు చాలదు, ఎక్కువైతే మూడో వారంలో మూల్యం చెల్లించాలి. ఎంత బిగిస్తే అంత మంచిదన్న వడ్రంగి సూత్రం ఇక్కడ చెల్లదు.

వేడి ఇంకో కారణం. ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ 1983లో కుందేళ్ళలో చూపినదాని ప్రకారం ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక నిమిషం ఉంటే చాలు, దెబ్బతింటుంది. చేతికి వేడి నీళ్ళు కాస్త చురుక్కుమనే స్థాయి అది, అంతకుమించి కాదు. దట్టమైన కింది దవడలో డ్రిల్లుతో ముందుగా రంధ్రం చేయవలసి వస్తే, నెమ్మదిగా, సెలైన్ నీళ్ళు పోస్తూ చేయకపోతే ఈ హద్దు దాటడం చాలా తేలిక. చేత్తో తిప్పే, తన దారి తానే కోసుకునే స్క్రూలకు ఆదరణ పెరగడానికి ఇదొక కారణం. దీనికి తోడు కింది దవడలో బుగ్గ వైపు కదలని గట్టి చిగురు సన్నగా ఉంటుంది. దాని కిందికి దిగితే బుగ్గతో పాటు కదిలే మెత్తని పొర మొదలవుతుంది. ఆ పొరలోంచి స్క్రూ బయటికి వస్తే, మాట్లాడినా నమిలినా పొర దాని మెడకు రాసుకుంటూ, ఆహారం ఇరుక్కుంటూ, చిగురు ఉబ్బుతుంది. పైనుంచి మొదలైన ఆ వాపు మెడ చుట్టూ ఉన్న పెంకును తినడం మొదలుపెడుతుంది, పట్టులో సింహభాగం ఉన్నది అక్కడేనని ముందే చూశాం. అంగిలి ముందు భాగం, నడిమి గీతకు కొంచెం పక్కన, స్క్రూలకు ఎంతో అనుకూలమైన చోటుగా పేరు తెచ్చుకోవడం వెనక రెండు కారణాలు ఉన్నాయి. అక్కడ చిగురు మందంగా కదలకుండా ఉంటుంది, దారిలో పంటి వేర్లు ఉండవు.

వేర్ల మధ్య పెట్టే స్క్రూకు ఆ వేర్లే పెద్ద గండం. స్క్రూ వేరును తాకి ఉంటే, నమిలినప్పుడల్లా పన్ను తన స్నాయువు (వేరును ఎముకకు కట్టి ఉంచే పీచు పొర) మీద కదులుతుంది కనుక, ఆ కదలిక స్క్రూకు చేరుతుంది. ఊగిసలాట ఏం చేస్తుందో పైన చెప్పుకున్నాం. అందుకే మత్తు ఇంజెక్షన్ చాలా తక్కువ మోతాదులో, చిగురు వరకే ఇస్తారు. పన్ను మొద్దుబారకుండా ఉంటే, మొన వేరుకు దగ్గరవుతున్నప్పుడు రోగికే తెలుస్తుంది. ‘‘పన్ను నొక్కుతున్నట్టుంది’’ అనగానే చేయి ఆపి, స్క్రూను వెనక్కి తిప్పి దిశ మార్చుకోవాలి. పై పొర మాత్రమే గీసుకుపోతే స్క్రూ తీశాక వేరు తనను తాను బాగు చేసుకుంటుంది.

అంతా సవ్యంగా జరిగి కుదురుకున్న స్క్రూ కూడా గట్టు మీద గుంజలా నిశ్చలంగా ఉండదని 2004లో తైవాన్‌కు చెందిన లియు బృందం చూపించింది. పదహారు మంది రోగుల్లో 400 గ్రాముల బలంతో తొమ్మిది నెలలు లాగాక, స్క్రూలు ఊడలేదు, వదులూ కాలేదు, కానీ తలభాగం సగటున 0.4 మిల్లీమీటర్లు ముందుకు ఒరిగింది. ఏడుగురిలో ఈ జరుగుబాటు మిల్లీమీటరు, ఒకటిన్నర దాకా పోయింది. పన్ను కదలడానికి దాని చుట్టూ స్నాయువు ఉంది. స్క్రూకు ఏ స్నాయువూ లేదు. అయినా కదిలిందంటే, ఒత్తిడి పడిన వైపు కొద్ది కొద్దిగా కరిగి, వెనక కొద్ది కొద్దిగా కడుతూ, పట్టు వదలకుండానే ఎముక దానికి చోటు మార్చిందని అర్థం. ఆ పరిశోధకులు స్క్రూకూ వేరుకూ మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచమని సలహా ఇచ్చారు. వేర్ల మధ్య సందే చాలాచోట్ల మూడు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప, ఆ సలహా ఆచరణలో ఎంత కష్టమో ఎక్స్‌రే చూసినవాళ్ళకు తెలుసు.

మొత్తం మీద ఎన్ని ఊడతాయి? యాభైకి పైగా అధ్యయనాలను కలిపి 2012లో చేసిన విశ్లేషణలో 13.5 శాతం విఫలమైనట్టు తేలింది, అంటే ఇంచుమించు ఏడింట ఒకటి. పంటి ఇంప్లాంట్లతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. అయినా దీన్ని ఎవరూ పెద్ద ప్రమాదంగా చూడరు, ఎందుకంటే ఊడిన స్క్రూ చోటు మార్చి మళ్ళీ పెట్టుకోవచ్చు, ఎముకకు శాశ్వత నష్టం ఉండదు. కానీ ఈ అంకెను రోగికి మొదటే చెప్పాలని నా అభిప్రాయం. ముందే తెలిసిన అమ్మాయి మూడో వారంలో ‘‘సరిగ్గా బిగించలేదా?’’ అని అనుమానంతో అడగదు, ‘‘మీరు చెప్పిన ఏడింట ఒకటి నాదేనా?’’ అని అడుగుతుంది. రోగి చేతిలో ఉన్నది కొంతే. మెత్తని బ్రష్‌తో స్క్రూ మెడ చుట్టూ రోజూ శుభ్రం చేసుకోవడం, వేలితో కెలక్కపోవడం, సిగరెట్ అలవాటుంటే మానడం. పొగ రక్తనాళాలను కుదించి, కొత్త ఎముకకు అందవలసిన రక్తాన్ని తగ్గిస్తుంది. అదుపులో లేని మధుమేహం, ఎముకలు పెళుసుబారకుండా వాడే కొన్ని మందులు కూడా ఈ క్రమాన్ని దెబ్బతీస్తాయి కనుక, అవి ఉన్నవాళ్ళు స్క్రూ పెట్టేముందే చెప్పాలి.

పని పూర్తయ్యాక స్క్రూ తీయడం పెట్టడంకంటే తేలిక, చాలాసార్లు మత్తు కూడా అవసరం పడదు. డ్రైవరును తలకు తగిలించి వెనక్కి తిప్పితే మొదట కాస్త మొండికేసి, ఒక్కసారి చిన్నగా విడిపోయిన స్పర్శ చేతికి తెలుస్తుంది. నెలల తరబడి పెరిగిన కొత్త ఎముక లోహాన్ని వదిలేది ఆ క్షణంలోనే. తర్వాత అది సులువుగా తిరుగుతూ బయటికొస్తుంది, కొన్నిసార్లు మరల మధ్య తెల్లని ఎముక పొడి అంటుకుని ఉంటుంది. చిగురులో మిగిలేది ముక్కుపుడక రంధ్రమంత చిన్న బిలం. ఒక చుక్క రక్తం వచ్చి గడ్డకడుతుంది. చిగురు కొద్ది రోజుల్లో మూసుకుంటుంది. లోపల మళ్ళీ అదే వల, అవే కణాలు, ముందు అల్లిక ఎముక, దాని వెనక పొరల ఎముక. ఈసారి మధ్యలో లోహం లేదు గనుక ఆ ఖాళీ కొన్ని నెలల్లో పూర్తిగా పూడిపోతుంది.